ఠకారం గల్లంతు

సంచికకి ఏదైనా రాయమని విద్యార్థి సంఘం వాళ్లు అడిగితే మొదట ఒప్పుకోలేదు. నేను కథలు రాసేవాణ్ణి కాను. కవిత్వం జోలికి అసలే పోను. "పోనీ మీరు చేసే పని గురించే రాయండి సార్" అన్నాడు కార్యదర్శి. నేను చేసే పని ప్రోగ్రాములు రాయడం. అందులో నాకు బాగా తెలిసిందల్లా వెబ్ పేజీలు తయారుచేసే పి.హెచ్.పి. అనే భాష, ఆ భాషలో స్ట్రింగులతో కుస్తీ పట్టే చిన్నచిన్న ఫంక్షన్లు. వీటి గురించి రాస్తే కంప్యూటరు శాఖవాళ్లు "ఇందులో కొత్తేముంది?" అంటారు. తెలుగు శాఖవాళ్లు పేజీ తిప్పేస్తారు. అయినా రాస్తున్నాను. ఆ చిన్న ఫంక్షన్లలో ఒకటి మన కాలేజీ పూర్వ విద్యార్థి ఒకాయన పేరును మింగేసింది. దాన్ని రాసింది నేనే. ఆయనకు సంజాయిషీ ఇచ్చుకున్నాను గాని, కాలేజీకి ఇంతవరకూ ఇచ్చుకోలేదు.

సంగతి మొదటినుంచీ చెప్పాలి. స్ట్రింగంటే అక్షరాల దండ అని పుస్తకాల్లో వుంటుంది. పి.హెచ్.పి. కంటికి అది అక్షరాల దండ కాదు, బైట్ల దండ. ఈ తేడా పరీక్ష రాసేటప్పుడు నాకు తెలుసు, ఉద్యోగంలో పడ్డాక మరిచిపోయాను. ఇక హెల్పర్ ఫంక్షనంటే, పెళ్లి వంటల్లో చేతికింద మనిషి లాంటిది. గరిటె పట్టుకునే పెద్ద వంటవాడు వేరే వుంటాడు. కూరలు తరిగేవాళ్లు, కొబ్బరి కోరేవాళ్లు వెనక పెరట్లో వుంటారు. పేరు చివర ఖాళీలు తుడవడం, పొడుగు పేర్లు కత్తిరించడం, ఇంటిపేరులో మొదటి అక్షరం తీసి పొడి అక్షరంగా పెట్టడం ఇవన్నీ పెరటి పనులే. ఎవరూ చూడరు, ఎవరూ మెచ్చుకోరు. ప్రోగ్రాములు రాసే ప్రతివాడి దగ్గరా ఇలాంటివి పదో పదిహేనో ఒక ఫైల్లో వుంటాయి. ఉద్యోగం మారినప్పుడు ట్రంకుపెట్టెతో పాటు దాన్నీ మోసుకుపోతాడు.

ఈ భాష పుట్టుక కూడా అలాంటిదే. 1994లో రాస్మస్ లెర్డార్ఫ్ అనే ఆయన తన సొంత హోంపేజీ కోసం కొన్ని పనిముట్లు రాసుకున్నాడు. 1995లో వాటిని అందరికీ పంచిపెట్టాడు. పి.హెచ్.పి. అంటే మొదట్లో 'పర్సనల్ హోం పేజ్' అనే అర్థం. ఒక మనిషి తన అవసరానికి కట్టుకున్న పాకని ఊరంతా సత్రం చేసుకుంటే ఎట్లా వుంటుందో ఈ భాష అట్లా వుంటుంది. కొన్ని ఫంక్షన్ల పేర్లలో కిందిగీత వుంటుంది, కొన్నింటిలో వుండదు. స్ట్రింగులో ముక్కని వెతికేటప్పుడు ముందు గడ్డివాము ఇచ్చి తర్వాత సూది ఇవ్వాలి. వరుసలో వెతికేటప్పుడు ముందు సూది, తర్వాత గడ్డివాము. ఇరవయ్యేళ్లు రాసినవాడు కూడా మాన్యువల్ తెరవకుండా ధైర్యంగా చెప్పలేడు.

ఈ మాటలో ఈ ముక్క వుందా లేదా అని అడిగే ఫంక్షనే 2020 దాకా లేదంటే నమ్ముతారా? ఆ ఏడాది చివర్లో వచ్చిన 8.0లో పెట్టారు. అంతవరకూ ఎవరిది వాళ్లే రాసుకున్నారు. వుందా అని అడిగే బదులు 'ఎక్కడుంది' అని అడిగేవాళ్లం. మాట మొదట్లోనే వుంటే '0వ స్థానంలో' అని జవాబు వచ్చేది. సున్నా అంటే 'లేదు' అని కూడా ఆ భాషలో అర్థం. 'శ్రీనివాస'లో 'శ్రీ' వుందా అంటే, అది మొట్టమొదటే వుంది గనక, లేదనుకునేది ప్రోగ్రాము. గుమ్మంలోనే నుంచున్న మనిషిని ఇంట్లో లేడని చెప్పినట్టు. ఈ గుంటలో పడనివాడు మా వృత్తిలో లేడు.

ఇవన్నీ తెలిసినవాణ్ణే గనక నాకు కొంచెం గర్వం వుండేది. 2018 డిసెంబరులో మన కాలేజీ పూర్వ విద్యార్థుల సమ్మేళనం జరిగినప్పుడు పేర్ల నమోదు, బ్యాడ్జీల తయారీ నా మీద వేసుకున్నాను. ఫారం వెబ్‌లో పెట్టాం. పేరు తెలుగులో గాని ఇంగ్లీషులో గాని ఇవ్వచ్చు, ఎలా ఇస్తే అలాగే బ్యాడ్జీ మీద వస్తుంది. అది నా ఆలోచనే. అందరూ మెచ్చుకున్నారు.

పేర్లు నానా రకాలుగా వచ్చాయి. కొందరు ఫారంలోనే కొట్టారు. కొందరు వర్డ్ ఫైల్లోంచో, వాట్సాప్‌లోంచో అతికించారు. అలా అతికించినప్పుడు పేరు చివర ఒక రకం ఖాళీ వెంట వస్తుంది. చూడ్డానికి మామూలు ఖాళీలాగే వుంటుంది గాని మామూలు తుడుపుకి లొంగదు. వరస విరగ్గూడదని చెప్పే ఖాళీ అది. సరే కదా అని దాన్ని కూడా తుడిచేలా మూడు వరసల ఫంక్షనొకటి రాశాను. పరీక్షించకుండా పెట్టలేదు సుమండీ! నా పేరు, మా ఆవిడ పేరు, మా నాన్నగారి పేరు ఇచ్చి చూశాను. అన్నీ శుభ్రంగా వచ్చాయి. బ్యాడ్జీలు బ్రౌజరులో తెరిచి ప్రింటు తీసి, బ్యాచిల వారీగా రబ్బరు బ్యాండ్లు వేసి పెట్టాం.

సమ్మేళనం రోజు పొద్దున్న తొమ్మిదిన్నరకి బల్ల దగ్గర రద్దీగా వుంది. 1970ల నాటి బ్యాచి ఆయన ఒకరు వచ్చారు. తెల్ల లాల్చీ, చేతిసంచీ, పక్కన పదేళ్ల మనవడు. ఆయన పేరు ఇక్కడ పూర్తిగా రాయను. చివర 'కంఠ' అని ముగుస్తుంది, అంతవరకూ చాలు. బ్యాడ్జీ తీసి చేతికిచ్చాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చూసి నాకు తిరిగి ఇచ్చేశారు.

"ఊరుంది, శాఖ వుంది, బ్యాచి వుంది. మనిషే లేడేం బాబూ?" అన్నారు.

పేరు వుండవలసిన చోట తెల్లగా వుంది. ఒక్క అక్షరం లేదు. పెన్ను తీసి, "క్షమించండి సార్, ఎక్కడో పొరపాటైంది, నేను రాసిస్తాను" అన్నాను. తొందరలో ఇంగ్లీషు అక్షరాలు మొదలుపెట్టాను. ఆయన నా చేయి ఆపారు.

"అలా రాస్తే 'కాంత' అయిపోతుంది బాబూ. ఇక్కడ హాస్టల్లో నాలుగేళ్లు 'కాంతమ్మగారూ' అని పిలిచారు. ఉద్యోగంలో చేరాక రెండుసార్లు 'శ్రీమతి' అని కాగితాలు వచ్చాయి. టి పక్కన హెచ్ పెడితే 'కాంథ' అంటారు, పెట్టకపోతే 'కాంత' అంటారు. మీ ఫారంలో తెలుగులో ఇవ్వచ్చని చూసి, ఒక్కసారన్నా సరిగ్గా వస్తుంది కదా అని మా వాడిచేత ఫోనులో ఠ ఎక్కడుందో వెతికించి మరీ కొట్టించాను."

మనవడు తల వూపాడు. ఆయన పెన్ను నా దగ్గర తీసుకుని, తన పేరు తనే గుండ్రటి అక్షరాలతో రాసుకుని, పిన్ను పెట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

ఆ రోజు భోజనాలు నాకు రుచించలేదు. సాయంత్రం సాంస్కృతిక కార్యక్రమాలు జరుగుతుంటే నేను గెస్ట్‌హౌసు గదిలో కూర్చుని ఆయన పేరును ఒక్కొక్క మెట్టే దించి చూశాను. ఫారంలో వుంది. డేటాబేసులో వుంది. నా తుడుపు ఫంక్షనులోకి వెళ్లేదాకా వుంది. బయటికి వచ్చేసరికి చివరి అక్షరం విరిగి వుంది.

కారణం తెలిసినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. యు.టి.ఎఫ్.-8 అనే పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు. ఠకు ఆ మూడూ ఈ0, బి0, ఏ0. పదహారింటి లెక్కలో ఇలా రాస్తారు. నేను తుడవాలనుకున్న ఆ మొండి ఖాళీకి రెండే బైట్లు: సి2, ఏ0. మనిషి కంటికి ఆ రెండూ కలిసి ఒక ఖాళీ. ట్రిమ్ అనే ఫంక్షనుకి మాత్రం అది ఒక జత కాదు, రెండు విడివిడి బైట్ల జాబితా. 'మాట చివర వీటిలో ఏది కనిపించినా కొరికెయ్యి' అని నేను చెప్పినట్టు దానికి అర్థమైంది. ఆయన పేరు చివర ఖాళీయే లేదు. ఠ లోని మూడో బైటు ఏ0 కనిపించింది, కొరికేసింది. మన తెలుగు యూనికోడ్ పట్టికలో ఏ0తో ముగిసేవి రెండే రెండు: ఒకటి ఠ, రెండోది ౠ. ౠతో పేరు ముగిసే మనిషిని నేనింతవరకూ చూడలేదు. 'కంఠం' అని వుంటే సున్నా కాపాడేది, 'కంఠరావు' అని వుంటే రావు కాపాడేవాడు. ఉత్త ఠతో పేరు ముగించుకున్న పాపానికి ఆయనొక్కరే చిక్కారు. కాళిదాసు కథలో బిందె మెట్లమీద దొర్లినప్పుడు తప్ప ఎవరికీ గుర్తురాని అక్షరం అది.

అయితే ఒక అక్షరమే విరిగితే పేరంతా ఎందుకు పోయింది? అక్కడ రెండో దొంగ వున్నాడు. పేజీలోకి మాటని పంపే ముందు ప్రమాదకరమైన గుర్తుల్ని మార్చే ఫంక్షనొకటుంది, హెచ్.టి.ఎం.ఎల్. స్పెషల్ చార్స్ అని. దానికి విరిగిన అక్షరం కనిపిస్తే, మేం అప్పుడు వాడుతున్న 7వ వరుసలో, మొత్తం మాటనే ఖాళీ చేసి ఇచ్చేది. కేక లేదు, హెచ్చరిక లేదు. 2021లో వచ్చిన 8.1 నుంచి ఆ పద్ధతి మార్చారు. ఇప్పుడు విరిగినచోట మాత్రమే ఒక ప్రశ్నార్థకపు గుర్తు పెడుతుంది, మిగతా పేరు బతుకుతుంది.

ఈ ఫంక్షను పేరు గురించి ఒక ముచ్చట వుంది, సందర్భం కాకపోయినా చెబుతాను. ఇంగ్లీషులో దాని పేరుకు 16 అక్షరాలు. అంత పొడుగెందుకని అడిగితే లెర్డార్ఫ్ 2013లో చెప్పిన జవాబు ఇది: తొలిరోజుల్లో ఫంక్షన్లని పేరులోని అక్షరాల సంఖ్యనిబట్టి అరల్లో సర్దేవాడట. అన్నీ ఒకే అరలో పడకుండా పేర్లు పొట్టివి కొన్ని, పొడుగువి కొన్ని చూసి పెట్టాడట. అక్షరాలు లెక్కపెట్టి పేరు పెట్టించుకున్న ఫంక్షను చేతిలోనే మా పెద్దాయన పేరు పోయింది!

సమ్మేళనం అయ్యాక నా ఫైలంతా మళ్లీ చదివాను. పదిహేను ఫంక్షన్లలో ఎన్ని తెలుగుకి పనికొస్తాయో చూద్దామని. నిజం చెప్పాలంటే నాలుగు. మిగతావన్నీ ఇంగ్లీషు అక్షరాలు ఊహించుకుని రాసినవే. 'శ్రీ' ఎన్ని అక్షరాలని స్ట్రలెన్ అనే పాత ఫంక్షనుని అడిగితే 12 అంటుంది. అవి బైట్లు. ఎంబీ స్ట్రలెన్‌ని అడిగితే 4 అంటుంది. శకారం, విరామం, రకారం, దీర్ఘం. గ్రాఫీమ్ స్ట్రలెన్ అని ఇంకొకటుంది, అప్పట్లో అది 2 అనేది: 'శ్' ఒకటి, 'రీ' ఒకటి. ఒకటి అన్నది ఒక్కటీ లేదు. శ్రీపాద వారి ఇంటిపేరుకి పొడి అక్షరం తీయమంటే ఒక ఫంక్షను 'శ' అంది, ఇంకొకటి 'శ్' అంది. గురజాడ వారికి 'గ' వచ్చింది. బ్యాడ్జీలో పట్టలేదని పేరు కత్తిరించబోతే 'లక్ష్మి' కాస్తా 'లక్ష్మ' అయ్యేది.

అప్పుడు తెలుగు శాఖలో పనిచేసి రిటైరైన మాస్టారింటికి వెళ్లాను. "అక్షరమంటే ఏమిటి మాస్టారూ?" అని అడిగితే ఆయన నన్ను కిందామీదా చూశారు. ఎమ్మెస్సీ చదివి ఇప్పుడడుగుతున్నావా అన్నట్టు.

"శ్రీ ఒక్కటే అక్షరం కదయ్యా. దానికి సందేహమెందుకు?"

"మరి 'రామన్' అంటే?"

"రెండు. రా గురువు, మన్ గురువు. నకారప్పొల్లు విడిగా నిలబడదు. మకారాన్ని పట్టుకుని దాన్ని గురువు చేస్తుంది."

"మా యంత్రం మూడంటుంది మాస్టారూ. రా, మ, న్."

"రాసేటప్పుడు చూస్తే మూడు ముక్కలే. చదివేటప్పుడు రెండు. అసలు నీకు లెక్క దేనికి కావాలో చెప్పు ముందు" అన్నారాయన.

ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నేనూ అడుక్కోలేదు. డిస్కులో ఎంత చోటు పడుతుందో తెలియాలంటే బైట్లే లెక్కపెట్టాలి. పొడి అక్షరం కావాలంటే గుణింతంతో, వత్తుతో సహా మొత్తం అక్షరం కావాలి. పద్యం నడక చూడాలంటే పొల్లు ముందుదానికి చేరాలి. బ్యాడ్జీలో పట్టడానికైతే ఈ మూడు లెక్కలూ పనికిరావు. 'ర' ఎంత చోటు తీసుకుంటుంది, 'ఘౌ' ఎంత తీసుకుంటుంది! పేరు కత్తిరించే ఫంక్షనుని ఆ రాత్రే తీసేశాను. పొడుగు పేర్లకి రెండో వరస ఇచ్చాను. కాగితంలో కావలసినంత చోటుంది. మొదటినుంచీ వుంది.

2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలని ఒక్కటిగా చూడాలనే నియమం చేర్చారు. ఆ నియమం తెలిసిన కొత్త సర్వరులో అదే గ్రాఫీమ్ ఫంక్షను ఇప్పుడు 'శ్రీ'కి 1 అంటోంది. పాత సర్వరులో ఇంకా 2 అంటుంది. నేను ఒక్క వరస మార్చకుండానే జవాబు మారింది. మాస్టారికి ఫోన్ చేసి చెప్పాను. "ఇప్పటికి తెలిసిందన్నమాట" అన్నారు. 'రామన్' సంగతి అడిగారు. అది ఇంకా మూడే అని చెప్పాను.

తుడుపు ఫంక్షనుని బైట్ల లెక్కలో కాకుండా యూనికోడ్ లెక్కలో పనిచేసేలా తిరగరాశాను. అది కూడా ఒక్కసారికి కుదరలేదు. కనపడని గుర్తులన్నీ ఏరిపారేస్తే సరిపోతుందని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. అలా చేస్తే 'రాజ్‌కుమార్' పేరులో జకారానికీ కకారానికీ మధ్య కనపడకుండా కూర్చున్న గుర్తు కూడా పోయి, కు వెళ్లి జ కింద వత్తుగా దూరింది. 'రాజ్కుమార్'! ఒకరి పేరు బాగుచేయబోయి ఇంకొకరిది పాడుచేశానన్నమాట. ఆ గుర్తుని వుంచేశాను, అంచుల్లో ఖాళీలు మాత్రం తుడిచాను. 2024 నవంబరులో వచ్చిన 8.4లో ఈ పని చేసే ఎంబీ ట్రిమ్‌ని భాషలోనే పెట్టారు. ఇక నా ఫంక్షనుతో పనిలేదు. అయినా తీసెయ్యలేదు. లోపల మాత్రం దాన్నే పిలుస్తుంది.

దాని పక్కనే ఒక పరీక్షల ఫైలుంది. సమ్మేళనానికి ముందు లేదు. అందులో మొదటి పేరు ఆయనది. తర్వాత శ్రీపాద, గురజాడ, లక్ష్మి, రాజ్‌కుమార్, రామన్. ఏ కొత్త ఫంక్షను రాసినా ఈ వరసంతా దాటి రావాల్సిందే. మా దగ్గర పనిచేసే కుర్రాళ్లకి ఆయనెవరో తెలియదు. "సార్, కంఠ టెస్టు పాసైంది" అంటారు.

సమ్మేళనమైన రెండు వారాలకి కొత్త బ్యాడ్జీ ఒకటి ప్రింటు తీశాను. ఊరు, శాఖ, బ్యాచి, అన్నిటికన్నా పైన పెద్ద అక్షరాలతో పూర్తి పేరు. ప్లాస్టిక్ తొడుగు వేసి, జరిగిందంతా రెండు పేజీలు రాసి, ఆయన చిరునామాకి పోస్టు చేశాను. బైట్ల గొడవ ఎంతవరకూ అర్థమవుతుందో అని సందేహిస్తూనే రాశాను. పదిరోజులకి కార్డు వచ్చింది. అవే గుండ్రటి అక్షరాలు.

"చిరంజీవికి ఆశీస్సులు. ఠ అందినది. మనవడు తన పెట్టెలో దాచుకున్నాడు. పిన్‌కోడులో నాలుగో అంకె తప్పు పడినది, అందుచేత రెండు రోజులు ఆలస్యము. గమనించగలవు."